ఎర్ర గచ్చు వెలిసిపోలేదు, మాసిపోయింది

ఓక్, మేపుల్ చెక్క పరిచిన నేల పాతబడితే అమెరికాలో మనవాళ్లు యంత్రం అద్దెకు తెచ్చి పైపొర గీకేసి, కొత్త పూత వేసుకుంటారు. ఆ పలక మందం దాదాపు ముప్పావు అంగుళం, కింది దాకా ఒకే చెక్క. మిల్లీమీటరు పోయినా కింద ఉండేదీ అదే రంగు. చెదలకూ శ్రావణమాసపు తేమకూ అలాంటి నేల ఖరగ్‌పూర్‌లోని మలంచాలో నిలవడం కష్టం. రైల్వే వర్క్‌షాపు పనికని శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడిన కుటుంబాల పాత ఇళ్లలో కనిపించేది రెడ్ ఆక్సైడ్ గచ్చు, దాని చుట్టూ నల్ల అంచు. ఈ గచ్చులో ఎరుపంతా పైనున్న పల్చటి పొరలోనే ఉంటుంది, సాధారణంగా కొద్ది మిల్లీమీటర్లే. దాని కిందంతా బూడిదరంగు సిమెంటే. చెక్క నేల మీద చేసే పని దీనిమీద చేస్తే గచ్చు పోతుంది.

ఆ ఎరుపు ఫెర్రిక్ ఆక్సైడ్, అంటే ఇనుము తుప్పులో ఉండే పదార్థమే. ఖరగ్‌పూర్ మొరం నేల ఎర్రగా ఉండటానికీ ఇదే కారణం. ఎండకు వెలిసే రంగు కాదిది. మరి గచ్చు ఎందుకు పాలిపోతుంది? ఏళ్ల తరబడి ఇసుకకాళ్లతో నడవగా పైన సన్నటి గీతలు పడతాయి. వాటి మీద వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. పాత మైనం, దుమ్ము కలిసి అట్టకడతాయి. నేల తేమతో పైకొచ్చిన సున్నం, లవణాలు తెల్లగా పొడిలా తేలతాయి. తడిగుడ్డతో ఒకచోట తుడిచి చూడండి. తడిసినంతమేర ఎరుపు చిక్కగా తిరిగొస్తే రంగు భద్రంగా ఉన్నట్టే, పోయింది నునుపు మాత్రమే. తడిపినా బూడిదరంగే కనిపిస్తే అక్కడ పొర అరిగిపోయిందని అర్థం.

ఇంకో పరీక్ష కూడా అవసరం. రెండడుగుల పాలిథిన్ షీటును నాలుగువైపులా టేపుతో నేలకు అంటించి ఒక పగలూ రాత్రీ వదిలేయండి. ఎత్తినప్పుడు అడుగున చెమ్మ ఉంటే తేమ భూమిలోంచి వస్తోంది. అలాంటి గచ్చుకు వార్నిష్, ఎపాక్సీ, ఫ్లోర్ పెయింట్ వేయించకండి. పైకి రావాల్సిన ఆవిరికి దారి మూసుకుపోయి, పూత పొక్కులుగా లేచిపోతుంది. ఎన్నో ఇళ్లలో గచ్చు పాడైంది పాతబడి కాదు, ఇలా బాగుచేయబోయి.

యాసిడ్ సంగతి కూడా అంతే. బాత్‌రూముకు తెచ్చిన సీసాలోంచి కాస్త ఒంపితే మురికి పోతుంది, నిజమే. కానీ రంగును పట్టి ఉంచే సిమెంటునే యాసిడ్ తినేస్తుంది. గచ్చు గరుకుబారి, నెల తిరిగేసరికి ఇంకా ఎక్కువ మురికి పడుతుంది.

గచ్చు పని దుర్గాపూజల తర్వాత, వాన తగ్గాక పెట్టుకోండి. తెల్లపొడిని ముందు పొడి బ్రష్షుతోనే ఊడ్చేయాలి. నీళ్లు పోస్తే లవణం కరిగి మళ్లీ లోపలికి ఇంకుతుంది. పాత మైనాన్ని టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తీయాలి. కిటికీలు తెరిచి ఉంచండి, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించకండి. తర్వాత కొద్దిగా సబ్బు కలిపిన నీళ్లతో కడిగి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. లక్ష్మీపూజకు వేసే బెంగాలీ ముగ్గు అల్పన తాలూకు బియ్యప్పిండి, మన ముగ్గు మరకలు గట్టిగా పట్టేసి ఉంటే బ్లేడుతో గీకకండి. తడిగుడ్డ కప్పి నాననిస్తే అవే వస్తాయి.

సగం ఇళ్లకు ఇంతే చాలు. ఇంకా గీతలుంటే వాటర్ పేపరు 400 నంబరుతో మొదలుపెట్టి, 600తో ముగించండి. నీళ్లు చల్లుతూ, చేత్తోనే. నీళ్లలో ఎరుపు చిక్కగా దిగుతోందంటే పొర అరుగుతోందన్నమాట, అక్కడితో ఆపాలి. పొడిగా యంత్రం పెట్టి రుద్దితే రంగు పోవడమే కాదు, లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

వెంట్రుకంత పగుళ్లను వదిలేయండి, మైనం వాటిని నింపేస్తుంది. వెడల్పు పగులైతే లోపల శుభ్రం చేసి, తడిపి, సిమెంటు-ఆక్సైడ్ ముద్దతో పూడ్చాలి. రెండు పొడులనూ నీళ్లు పోయకముందే బాగా కలిపి జల్లించాలి. ఆక్సైడ్ సిమెంటు బరువులో పదోవంతు దాటితే బలం తగ్గుతుంది. ముందు ఒక పెంకు మీద పూసి ఆరనిచ్చి రంగు చూసుకోండి, ఆరాక లేతబడుతుంది. పూడ్చినచోట వారం రోజులు తడి ఆరకూడదు. ఎంత చేసినా అతుకు అతుకులాగే కనిపిస్తుంది. రాజ్‌మిస్త్రీ కనబడకుండా చేస్తానంటే నమ్మకండి. కర్రతో తడితే డొల్లగా మోగేచోట మాత్రం పూడిక నిలవదు, ఆ ముక్క తీసి కొత్తగా వేయించాల్సిందే.

చివర మైనం పాలిష్. గుడ్డతో పల్చగా, తుడిచేసినంత పల్చగా పూసి, పావుగంట ఆగి పాత కంబళి ముక్కతో గట్టిగా రుద్దండి. మందంగా పూస్తే మెరవదు, జారుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో బాత్‌రూము గడప దగ్గర అసలు పూయకండి. కొబ్బరినూనె వాడే ఇళ్లూ ఉన్నాయి. అది గట్టిపడదు కాబట్టి చుక్క ఎక్కువైనా దుమ్ము పట్టేస్తుంది. అవిసె నూనె గాలికి గట్టిపడుతుంది, కానీ ఆ నూనె పీల్చిన గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. వాటిని నీళ్లలో నానబెట్టాకే పారేయండి.

గచ్చు మీదే టైల్స్ వేయిస్తే నేల ఎత్తు పెరిగి ప్రతి తలుపునూ కింద కోయాలి, తేమ మాత్రం అలాగే ఉంటుంది. డొల్ల లేని గచ్చు ఉన్న ఇంటికి ఆ ఖర్చు దండగ. టైల్స్ బేరం మాట్లాడేముందు ఒక్క గదిలో, ఒక్క మూల కడిగి, మైనం రుద్ది చూసుకోండి.