చదువుటకు మాత్రమే

గ్రంథాలయంలో రిఫరెన్సు విభాగం సంగతి మన విద్యార్థులందరికీ తెలుసు. అక్కడి పుస్తకాన్ని అక్కడే కూర్చుని ఎంతసేపైనా చదువుకోవచ్చు, నోట్సు వ్రాసుకోవచ్చు. ఇంటికి పట్టుకుపోవడానికి వీల్లేదు. అందులో గీతలు గీయడానికి అసలే వీల్లేదు. కంప్యూటర్ల లోకంలోనూ ఇటువంటి ఏర్పాటు ఒకటున్నది. దానినే ‘రీడ్ ఓన్లీ ఏ.పి.ఐ.’ అంటారు. కృత్రిమ మేధ ఏజెంట్లు వచ్చిన తర్వాత ఈ ఏర్పాటుకూ, దానిని గురించి వ్రాసే వివరపత్రానికీ ప్రాముఖ్యం బాగా పెరిగింది. ఎందుకో చూద్దాం.

ఏ.పి.ఐ., ఏజెంటు అంటే ఏమిటి?

ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును సమాచారం అడగడానికో, పని చేసిపెట్టమనడానికో ఏర్పరచిన పద్ధతే ఏ.పి.ఐ. ఏమేమి అడగవచ్చు, ఎలా అడగాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది అనేవి ముందే నిర్ణయమై ఉంటాయి. ఈ వివరాలను ఇంతకాలం చదివినవాడు మనిషి. అర్థం కాకపోతే పక్క సీటు వాణ్ణి అడిగేవాడు.

ఏజెంటు సంగతి వేరు. మనం అప్పగించిన పనిని తానే అడుగులుగా విడదీసుకుని, తనకిచ్చిన టూల్స్‌లో దేనిని ఎప్పుడు వాడాలో తానే నిర్ణయించుకునే ప్రోగ్రాము అది. టూల్ లోపలి కోడు దానికి సాధారణంగా కనపడదు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ పద్ధతిలో దాని ముందుకు ముఖ్యంగా వచ్చేవి మూడు: టూల్ పేరు, దాని వర్ణన, ఇవ్వవలసిన అంశాల పట్టిక. ఆ నాలుగు వాక్యాలే దానికి తెలిసిన ప్రపంచం. వర్ణనలో ఖాళీ ఉంటే ఏజెంటు దానిని ఊహతో పూడ్చుకుంటుంది. చిక్కంతా అక్కడే.

వివరపత్రంలో ఏముండాలి?

ఒక కాలేజీ గ్రంథాలయ పట్టికను వెతికే టూల్ తయారుచేశామనుకుందాం. దానికి ‘పుస్తకాల సమాచారం ఇస్తుంది’ అని వ్రాసి ఊరుకుంటే చాలదు. ఇలా వ్రాయాలి: ‘శీర్షిక లేదా రచయిత పేరుతో వెతుకుతుంది. ఒకసారికి 20 పుస్తకాల వరకే ఇస్తుంది. మిగిలినవాటికి తరువాతి పేజీ అడగాలి. పట్టికను రోజూ రాత్రి ఒకసారి సరిచేస్తారు. పుస్తకం రిజర్వు చేయదు, గడువు పొడిగించదు.’

ఇందులో ఒక్క ముక్కా వృథా కాదు. 20 అనే పరిమితి చెప్పకపోతే, ఆ విషయం మీద గ్రంథాలయంలో ఉన్నవి 20 పుస్తకాలే అని ఏజెంటు చెప్పేస్తుంది. పట్టిక ఎప్పుడు సరిచేస్తారో చెప్పకపోతే, ఉదయమే ఎవరో తీసుకుపోయిన పుస్తకం సాయంత్రం బీరువాలోనే ఉందంటుంది. ఏం చేయదో చెప్పకపోతే, ‘రిజర్వు చేశాను’ అని హామీ కూడా ఇచ్చేయవచ్చు!

మరొక ముఖ్య విషయం. ‘వెతికాను, దొరకలేదు’ అనడం వేరు. ‘వెతకలేకపోయాను’ అనడం వేరు. సర్వరు చెడిపోయినప్పుడు కూడా టూల్ ఖాళీ జాబితానే పంపితే, అటువంటి పుస్తకమే లేదని విద్యార్థికి జవాబు వెళుతుంది. ఈ రెండింటికీ వేరు వేరు జవాబులుండాలి. ఏది ఏమిటో వివరపత్రంలో ఉండాలి.

మాటా, చేతా

‘చదువుటకు మాత్రమే’ అని వ్రాసినంత మాత్రాన టూల్ అలా ప్రవర్తిస్తుందా? చరిత్ర చూడండి. వెబ్ ప్రమాణాల ప్రకారం ‘గెట్’ అనే అభ్యర్థన కేవలం చదవడానికే. కానీ కొందరు ప్రోగ్రామర్లు ‘తొలగించు’ అనే పనిని కూడా గెట్‌తో నడిచే మామూలు లింకుగా పెట్టారు. 2005 మే నెలలో గూగుల్ సంస్థ ‘వెబ్ యాక్సిలరేటర్’ అనే సాధనం విడుదల చేసింది. మనిషి నొక్కకముందే పేజీలోని లింకులను తెచ్చి ఉంచడం దాని పని. అది ఆ ‘తొలగించు’ లింకులను కూడా తెరిచింది. ఇంకేముంది? ఎవరూ నొక్కకుండానే కొందరి సమాచారం చెరిగిపోయింది.

నేటి మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో ‘రీడ్ ఓన్లీ హింట్’ అనే గుర్తు ఉన్నది. పేరులోనే ఉన్నది చూడండి, అది సూచన మాత్రమే. నమ్మకం లేని సర్వరు ఇచ్చిన సూచనను నమ్మవద్దని ఆ ప్రమాణమే చెబుతున్నది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసును చదవడానికి ఆంత్రోపిక్ నమూనాగా ఇచ్చిన సర్వరులో ఒక లోపం ఉన్నట్టు 2025లో భద్రతా పరిశోధకులు వెల్లడించారు. ప్రతి ప్రశ్ననూ ‘చదువుట మాత్రమే’ అనే ట్రాన్సాక్షన్‌లో పెట్టి నడిపేవారు. అయితే ఒకేసారి రెండు మూడు ఆజ్ఞలు పంపడానికి వీలుండేది. మొదట ‘కమిట్’ అని పంపితే ఆ ట్రాన్సాక్షన్ అక్కడితో ముగుస్తుంది. తరువాతి ఆజ్ఞతో డేటాబేసును మార్చనూ వచ్చు, చెరపనూ వచ్చు. దీనికి గట్టి మందు ఒకటే: టూల్ వాడే డేటాబేసు ఖాతాకు చదివే హక్కు తప్ప మరొకటి ఇవ్వకపోవడం. అప్పుడే వివరపత్రంలోని మాటకు వెనుక తాళం ఉన్నట్టు.

చదివితే ప్రమాదం లేదా?

ఉన్నది. ఏ విద్యార్థి ఏ పుస్తకం తీసుకున్నాడో చదవడం వల్ల రికార్డు మారదు. కానీ అతని గుట్టు బయటపడుతుంది. అంతేకాదు, ఏజెంటు చదివిన పాఠంలోనే ఎవరైనా ‘ఈ వివరాలు ఫలానా చోటికి పంపు’ అని దొంగ ఆజ్ఞ దాచి ఉంచవచ్చు. ఏజెంటు దానిని యజమాని మాటగా పొరబడవచ్చు. బయటికి పంపే టూల్ కూడా దాని చేతిలో ఉంటే, చదివినదంతా పరాయివాళ్ళ పాలవుతుంది. కనుక ఏ సమాచారం కనిపిస్తుంది, ఎవరి అనుమతితో, అందులో బయటివాళ్ళు వ్రాసిన పాఠం ఉందా లేదా అన్నవి కూడా వివరపత్రంలో ఉండి తీరాలి.

ఫైనలియర్ ప్రాజెక్టులో ఇటువంటి టూల్ తయారుచేసే మిత్రులు ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. కోడు చూడని స్నేహితుడి చేతికి వివరపత్రం ఒక్కటే ఇవ్వండి. ఇది ఏం చేస్తుంది, ఏం చేయదు, పని చెడినప్పుడు ఏమంటుంది అని అడగండి. మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే ఏజెంటుకు ఇవ్వండి. చెప్పలేకపోతే మళ్ళీ వ్రాయండి.