18-55 కిట్ లెన్స్‌కి తోడుగా వైడ్ యాంగిల్ లెన్స్: కొనేముందు ఇవి చూసుకోండి

ఫోన్‌లో 0.6ఎక్స్ నొక్కితే గది మొత్తం ఫ్రేమ్‌లోకి వచ్చేస్తుంది. అదే గదిలో డీఎస్ఎల్ఆర్‌కి 18-55 పెట్టి, వీపు గోడకి ఆనేదాకా వెనక్కి జరిగినా చివర్లో నిలబడ్డవాళ్లు కట్ అయిపోతారు. ఇరుకు హాల్లో పెళ్లో, గృహప్రవేశమో షూట్ చేసినవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. సరే, వైడ్ యాంగిల్ లెన్స్ కొందామంటే చాలామంది లెన్స్ మీదున్న నంబర్ ఒక్కటే చూస్తారు. కానీ ముందు చూడాల్సింది మీ దగ్గర ఇప్పటికే ఉన్న బాడీని, లెన్స్‌ని.

24ఎంఎం అంటే వైడ్ కాదా?

ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో అయితే వైడే. కానీ కెనాన్ 1500డీ లాంటి కెమెరాల్లో ఉండేది అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్. లెన్స్ చూపించే దృశ్యంలో మధ్య భాగాన్ని మాత్రమే ఇది తీసుకుంటుంది. అందుకే లెన్స్ నంబర్‌ని కెనాన్‌లో 1.6తో, నికాన్, సోనీ ఏపీఎస్-సీ కెమెరాల్లో 1.5తో గుణించి చూడాలి. అంటే 1500డీ మీద 24ఎంఎం లెన్స్ ఫుల్ ఫ్రేమ్‌లో 38ఎంఎం ఇచ్చే వ్యూనే ఇస్తుంది. కెనాన్ ఈఎఫ్-ఎస్ 24ఎంఎం ఎఫ్/2.8 చిన్నగా, తేలిగ్గా ఉండే మంచి లెన్సే. కాకపోతే ఆ 24 మీ 18-55లో ఆల్రెడీ ఉంది! ఖరీదైన ఈఎఫ్ 16-35 ఎల్ సిరీస్ లెన్స్ పెట్టినా ఇక్కడ దాదాపు 26ఎంఎం దగ్గరే మొదలవుతుంది.

లెక్క ఇంకా సులువుగా అర్థం కావాలంటే, 1500డీతో 10 అడుగుల దూరం నుంచి గోడని ఫొటో తీస్తున్నారనుకోండి. కెమెరా అడ్డంగా పట్టుకుంటే ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు సుమారుగా ఇంత:

- 24ఎంఎం: 9 అడుగులు
- 18ఎంఎం: 12 అడుగులు
- 14ఎంఎం: 16 అడుగులు
- 11ఎంఎం: 20 అడుగులు
- 10ఎంఎం: 22 అడుగులు

గమనించారా? 10కీ 11కీ మధ్య ఒక్క ఎంఎం తేడాకే రెండు అడుగులు పోయాయి. జూమ్ లెన్సుల్లో 200కీ 201కీ తేడా కనిపించదు గానీ, వైడ్‌లో ప్రతి ఎంఎం లెక్కే.

మీ కిట్‌ని బట్టి ఏది?

కెనాన్ డీఎస్ఎల్ఆర్ + 18-55 ఉంటే: ఈఎఫ్-ఎస్ 10-18 ఎఫ్/4.5-5.6 ఐఎస్ ఎస్‌టీఎం సరిగ్గా సరిపోతుంది. 10 దగ్గర మొదలై మీ కిట్ లెన్స్ మొదలయ్యే 18 దగ్గర ఆగుతుంది. మధ్యలో గ్యాప్ లేదు. బరువు 240 గ్రాములే. అయితే త్వరలో ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి వెళ్లే ప్లాన్ ఉంటే ఆగండి. ఈఎఫ్-ఎస్ లెన్సులు వాటికి ఎక్కవు.

కెనాన్ ఆర్50, ఆర్100 + 18-45 ఉంటే: ఆర్ఎఫ్-ఎస్ 10-18 చూడండి. రెండింటికీ ఫిల్టర్ సైజ్ 49ఎంఎం కాబట్టి పాత ఫిల్టర్లే వాడుకోవచ్చు.

నికాన్ డీఎస్ఎల్ఆర్ + 18-55 ఉంటే: ఏఎఫ్-పీ డీఎక్స్ 10-20 వీఆర్ తేలికైన ఆప్షన్. డీ3500, డీ5600లో బాగా పనిచేస్తుంది. కానీ డీ3100, డీ3200, డీ5100 వాడేవాళ్లు జాగ్రత్త. ఏఎఫ్-పీ లెన్సులు వీటిలో ఫోకసే అవ్వవు, మాన్యువల్‌గా కూడా. ఇంకో విషయం, డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. సెకండ్ హ్యాండ్‌లో టోకినా 11-16 ఎఫ్/2.8 దొరికితే, అది మోటార్ ఉన్న రెండో వెర్షనో కాదో అడిగి తీసుకోండి. మొదటి వెర్షన్ అయితే చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి.

సోనీ ఏపీఎస్-సీ + 16-50 ఉంటే: మీ కిట్ లెన్సే 24ఎంఎం వ్యూ ఇస్తోంది. కాబట్టి 14ఎంఎం కొంటే పెద్ద మార్పు కనిపించదు. 10 లేదా 11 దగ్గర మొదలయ్యేదే చూడండి.

ఎఫ్/2.8 కావాలా, స్టెబిలైజేషన్ కావాలా?

ఎఫ్/2.8 లెన్స్ ఎఫ్/4.5 కంటే రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి తీసుకుంటుంది. సంగీత్‌లో డ్యాన్సులు, రాత్రి ఆకాశం తీయాలంటే అదే కావాలి. స్టెబిలైజేషన్ మీ చేతి వణుకుని ఆపుతుంది గానీ ఎదురుగా కదులుతున్న మనిషిని ఆపదు. గుళ్లు, బిల్డింగులు, ఇంటీరియర్లు, వ్లాగ్‌లు మీ పనైతే స్టెబిలైజేషన్ ఉన్న తేలికైన లెన్సే బెటర్.

షాపులో చెప్పని ఖర్చులు

- కెనాన్ 18-55కి 58ఎంఎం ఫిల్టర్ పడితే, ఈఎఫ్-ఎస్ 10-18కి 67ఎంఎం కావాలి. 67 ఫిల్టర్ ఒకటి కొని, 58కి స్టెప్-అప్ రింగ్ పెట్టుకుంటే రెండింటికీ సరిపోతుంది.
- పాప్-అప్ ఫ్లాష్ వెలుగు 10ఎంఎం వ్యూ మొత్తానికీ చాలదు. అంచులు చీకటిగా వస్తాయి.
- వైడ్‌లో ఫ్రేమ్ చివర ఉన్న ముఖాలు సాగిపోతాయి. గ్రూప్ ఫొటోలో అంచుల్లో కొంచెం ఖాళీ వదలాలి.
- సెకండ్ హ్యాండ్ అయితే లెన్స్ లోపల టార్చ్ కొట్టి ఫంగస్ ఉందేమో చూడాలి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఎక్కువ ఉండే ఊళ్లలో ఇది మరీ ముఖ్యం.

కిట్ లెన్స్ ముందు బిగించే 0.45ఎక్స్ కన్వర్టర్ల జోలికి మాత్రం వెళ్లకండి. అంచులన్నీ మసకబారిపోతాయి.

పైసా ఖర్చు లేని టెస్ట్

గూగుల్ ఫొటోస్‌లో మీ కెమెరా ఫొటోలు ఓపెన్ చేసి పైకి స్వైప్ చేస్తే ఏ ఎంఎం దగ్గర తీశారో కనిపిస్తుంది. ఓ వంద ఫొటోలు చూడండి. ఎక్కువ శాతం 18 దగ్గరే ఉంటే మీకు వైడ్ నిజంగానే అవసరం. 35, 50 దగ్గరే ఉంటే ఆ డబ్బులు ఇంకో లెన్స్‌కి దాచుకోండి. ఆ తర్వాత ఒక వారం ఫోన్‌లో 0.6ఎక్స్ మాత్రమే వాడి చూడండి. ఆ వ్యూ మీకు నచ్చుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఏడాదికి రెండుమూడు సార్లే అవసరమైతే, కెమెరా నిలువుగా పట్టుకుని 18 దగ్గర నాలుగైదు షాట్లు తీసి పనోరమాగా కలిపేసుకోండి. కదలని సీన్లకి అది చాలు. అదే నెలకి రెండు ఫంక్షన్లు చేస్తున్నారా? అయితే 10 దగ్గర మొదలయ్యే లెన్స్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు.