మీకు తెలుసా? ఖరగ్‌పూర్‌లో ఆవ ఘాటు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ అనగానే పొడవాటి ప్లాట్‌ఫారం గుర్తొస్తుంది. 1,072 మీటర్ల ఆ రికార్డును 2013లో గోరఖ్‌పూర్ లాగేసుకుంది. రైలు దిగి పూరీ, ఆలూదమ్ తినేవాళ్లకు ఆ సంగతి పెద్దగా పట్టదు లెండి.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఉద్యోగాల కోసం ఇక్కడికి వచ్చాయి. వాళ్లతోపాటే ఇడ్లీ, దోసె, చింతపండు పులుసు బెంగాల్ గడ్డమీద స్థిరపడ్డాయి.

చిత్రమేమిటంటే, ఆవాల దగ్గర తెలుగు, బెంగాలీ వంటిళ్లకు చుట్టరికం ఉంది. బెంగాలీలు ఆవముద్దలో పచ్చిమిర్చి, ఆవనూనె వేసి చేపలు వండుతారు. మనవాళ్లు ఎండుమిర్చితో ఆవ నూరి పనసపొట్టు కూరలో కలుపుతారు. అదీ పొయ్యి మీంచి దించి, కూర కాస్త చల్లారాకే. వేడిమీద కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. లేత పనస అటువాళ్లకూ ప్రాణమే, కాకపోతే వేటమాంసంలా మసాలా దట్టిస్తారు. చింతపండు పులుపు తగిలిన మన కూరకే నా ఓటు.

ఇలాంటి వంటకు అవార్డులిచ్చేవాళ్లు లేరు. పెళ్లిభోజనాల్లో మాత్రం ముందు ఖాళీ అయ్యే గిన్నె ఇదే!