మాచనూరు రేడియో

పిల్లలూ! రేడియో అనగానే మీకు ఏం తోస్తుంది? ఎక్కడో పట్నంలో ఒక పెద్ద భవనం, అందులో తీర్చిదిద్దిన భాష మాట్లాడే పెద్దలు. అంతే కదా? చిన్నప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదుకు దగ్గరగా మాచనూరు అనే పల్లె ఉన్నది. 2008 అక్టోబరు 15న ఆ పల్లె నుంచి సంఘం రేడియో ప్రసారాలు మొదలైనాయి. మన దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థ నెలకొల్పిన సామాజిక రేడియోలలో ఇదే మొట్టమొదటిది. ఆ సంస్థ పేరు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. రేడియోను నడిపిన వాళ్ళు పట్నం నుంచి వచ్చినవారు కారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ దళిత మహిళలే. వారిలో ఇద్దరి పేరూ నర్సమ్మే కావడంతో ఒకరిని జనరల్ నర్సమ్మ అనీ, ఇంకొకరిని ఆల్గోల్ నర్సమ్మ అనీ పిలుస్తారు. ఆల్గోల్ అనేది అక్కడి ఒక ఊరు.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. యునెస్కో సాయంతో రికార్డింగు గది 1998లోనే సిద్ధమైంది. కాని ప్రసారం చేయడానికి అనుమతి లేదు! పదేళ్ళు ఎదురుచూశారు. ఊరికే కూర్చున్నారా? లేదు. పాటలూ, మాటలూ టేపుల మీద ఎక్కించి, ఊరూరా జరిగే సంఘం సమావేశాలకు తీసుకుపోయి వినిపించారు. గాలిలో పోవలసిన మాట సంచీలో పోయిందన్నమాట!

ఇంతకూ, గాలిలో పోయే ఈ తరంగాలు ఎవరి సొత్తు? ఈ తగాదా తేలింది క్రికెట్ వల్లనంటే నమ్ముతారా? ఆటల పోటీని ప్రసారం చేసే హక్కు ఎవరిదని వచ్చిన వ్యాజ్యంలో 1995లో సుప్రీంకోర్టు, ఆ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తరువాత కూడా అనుమతులు ముందు విద్యాసంస్థలకే దొరికాయి. స్వచ్ఛంద సంస్థలకు 2006లో దారి తెరుచుకున్నది.

సంఘం రేడియోకు ఇచ్చిన స్థానం 90.4 మెగాహెర్ట్‌జ్. అంటే ఆ తరంగం సెకనుకు 9 కోట్ల 4 లక్షల సార్లు కంపిస్తుంది. ట్రాన్స్‌మిటరు శక్తి మాత్రం 50 వాట్లే. మీ ఇంట్లో తిరిగే ఫ్యానుకు దాదాపు అంత కావాలి. మధ్య తరంగాలు నేలను అంటిపెట్టుకొని చాలా దూరం పోతాయి. ఎఫ్.ఎం. తరంగాలు అలా కాదు. ఇంచుమించు దీపపు వెలుగులాగా తిన్నగా పోతాయి. గుట్ట అడ్డం వచ్చినా, భూమి వంపు అడ్డం వచ్చినా వాటికి చిక్కే. అందుకే ఎత్తయిన స్తంభం కావాలి. అయినా సుమారు 25 కిలోమీటర్లకు మించి వినబడదు.

రాత్రి ఏడింటికి, పొలం పని ముగిశాక, కార్యక్రమం మొదలయ్యేది. జొన్న, కొర్ర, సామ పంటల సంగతులు, బతుకమ్మ పాటలు, మూలికల వైద్యం, విత్తనాలకు బూడిదా వేపాకూ కలిపి బుట్టలో పోసి మట్టితో మెత్తి దాచే పద్ధతి, అన్నీ వచ్చేవి. అదీ వాళ్ళ ఇంటి భాషలోనే. వ్యవసాయం అనరు, ఎవుసం అంటారు. విత్తనం అనరు, ఇత్తనం అంటారు.

ఈ మాట దగ్గర నాకొక సంగతి జ్ఞాపకం వస్తుంది. నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక అమ్మాయి తరగతిలో "ఇత్తనం" అన్నది. "విత్తనం అనాలి" అని అందరి ముందూ పదిసార్లు పలికించాను. ఆ ఏడాదంతా ఆ అమ్మాయి మళ్ళీ చెయ్యి ఎత్తలేదు. పరీక్షలో విత్తనం అనే రాయాలి, కాదనను. కాని వాళ్ళింట్లో ఎన్ని రకాల విత్తనాలు దాచారో నేను అడగనే లేదు.

సామాజిక రేడియోకు ఒక కట్టడి ఉన్నది. 2006 నాటి నియమాల ప్రకారం అది సొంతంగా వార్తలూ, రాజకీయాలూ చెప్పకూడదు. మరి మంచి కొర్ర విత్తనం ఎవరింట ఉన్నదో రైతుకు తెలియడం వార్త కాదా అని మీరడిగితే, నేను జవాబు చెప్పలేను. మీ నాన్నగారిని అడిగి చూడండి.