ఇల్లంతా వైఫై అందాలంటే



భట్టిప్రోలులోనో, వెల్లటూరులోనో, అద్దేపల్లిలోనో మీ యిల్లు వుందనుకోండి. సెల్‌ఫోను పట్టుకొని మేడ మీదికి వెడితే నెట్ చక్కగా వస్తుంది. మెట్లు దిగి నడవలోకి రాగానే తగ్గుతుంది. వంటింట్లో ఆగిపోతుంది. దొడ్లో పశువుల సాల దగ్గర అసలే వుండదు. పాఠం వినవలసిన పిల్లవాడు పుస్తకం పట్టుకొని పిట్టగోడ పక్కన కూర్చుంటాడు. చాలా యిళ్లలో వున్న యీ యిబ్బందిని యెట్లా తీర్చుకోవచ్చునో యీవేళ చెప్పుకుందాం.

ఇది వట్టి సినిమాలు చూసుకొనే సంగతి కాదండీ. పీఎం కిసాన్ ఈ-కేవైసీ ఫోనులోనే చేసుకోవచ్చు. ధరవరలు, వాతావరణ సూచన ఫోనులోనే చూస్తున్నాం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకు వచ్చిన వరి పడిపోయింది, కోసి పనల మీద వున్నది నీట నానింది. అటువంటప్పుడు హెచ్చరిక ఒక పూట ముందు చెవిన పడితే కుప్ప వేసుకోవడమో, పట్టాలు కప్పుకోవడమో చేయవచ్చు. కాబట్టి నెట్ కూడా సాగు సరంజామాలో ఒకటి అనుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మెష్ వైఫై అనే పద్ధతి వున్నది. మెష్ అంటే వల. వలలో ముడికీ ముడికీ లంకె వున్నట్లు, యింట్లో రెండు మూడు చోట్ల పెట్టిన చిన్న పెట్టెలు ఒకదానికొకటి అందుకొని యిల్లంతా ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో వైఫై యిస్తాయి. మీరు వసారాలోంచి వంటింట్లోకి నడిచినా ఫోను దానంతటదే దగ్గరి పెట్టెకు మారుతుంది.

అయితే ఒక మాట ముందే గట్టిగా చెప్పాలి. మెష్ పెట్టెలు నెట్‌ను పుట్టించవు, వచ్చినదాన్ని పంచుతాయి, అంతే. డెల్టా రైతుకు యిది వేరే చెప్పనక్కరలేదు. కాలువలో నీరు లేనప్పుడు బోదెలు యెన్ని తవ్వినా చేను తడవదు గదా! ముందు నీరు వచ్చే చోటు చూసుకోవాలి, తరువాత బోదెలు తీయాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, మూడు పెట్టెల సెట్టు కొని తెచ్చి, "డబ్బు దండగ అయింది" అని విచారిస్తారు.

సరే, నీరు వచ్చే చోటు యెట్లా కనిపెట్టాలి? ఫోను పైన కనపడే గీతల్ని పూర్తిగా నమ్మకండి. చాలా ఫోన్లలో సెట్టింగులలోకి వెళ్లి, ఫోను వివరాలలో సిమ్ స్థితి చూస్తే సిగ్నల్ బలం అంకెలలో వుంటుంది. దాని ముందు మైనస్ గుర్తు వుంటుంది గనుక చిన్న అంకె వుంటేనే మేలు. 4జీ మీద మైనస్ 85 అంటే బాగుంది. మైనస్ 110 దాటితే బలహీనం. మేడ మీద, కిటికీల దగ్గర, యింటికి నాలుగు వైపులా చూసి అంకెలు కాగితం మీద రాసుకోండి. ఇంట్లోవాళ్ల దగ్గర వేరే కంపెనీల సిమ్ములు వుంటే అవి కూడా అదే చోట పరీక్షించండి. పొద్దున ఒకసారి, రాత్రి 8 గంటలకు ఒకసారి చూడాలి. రాత్రివేళ వూరంతా ఒకే టవరు మీద పడుతుంది గనుక, సిగ్నల్ బలం బాగానే వున్నా వేగం తగ్గుతుంది. అందరూ ఒకేసారి తూములెత్తితే చివరి చేనుకు నీరు తగ్గినట్లే యిదీను.

పంచాయతీ రేడియో వున్న రోజులలో ఏరియల్ తీగను వెదురుగడలు పాతి యెత్తుగా కట్టేవారని పెద్దలకు జ్ఞాపకం వుంటుంది. ఆ సూత్రం యిక్కడా వర్తిస్తుంది. టవరు వైపు వున్న కిటికీ, వీలయినంత యెత్తు, మధ్యన అడ్డం లేకపోవడం, యీ మూడూ చూడండి. ఇనపరేకులు, నీళ్లట్యాంకు, బీరువా, ఫ్రిజ్ తరంగాలను అడ్డుకుంటాయి. పాతకాలపు మందపు గోడ, సిమెంటు శ్లాబు కూడా బాగా తగ్గిస్తాయి.

చోటు తేలిన తరువాత అక్కడ సిమ్ రౌటరు పెట్టాలి. ఇది సిమ్ కార్డు వేసుకొని టవరు నుంచి నెట్ తీసుకొనే పెట్టె. బయట యాంటెన్నా తగిలించడానికి వీలున్నది, వెనుక వైరు దూర్చే లాన్ రంధ్రం వున్నది అడిగి కొనండి. కొనేముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయవచ్చు. ఆ చోట ఒక ఫోను పెట్టి, హాట్‌స్పాట్ ఆన్ చేసి, రెండు రోజులు యింట్లోవాళ్లు వాడి చూడండి. అది పనిచేస్తే రౌటరు కూడా పనిచేస్తుంది. కొన్ని కంపెనీలు 2023 నుంచి 5జీ పెట్టెను తామే డాబా మీద బిగించి యిస్తున్నాయి. అది మీ వూళ్లో దొరుకుతుందేమో కనుక్కోండి. ఇక ఫైబరు కేబుల్ మీ వీధికి వచ్చి వుంటే సాధారణంగా దానికే మొదటి స్థానం యివ్వాలి. మూలం ఏదైనా, యింట్లో పంపకం మాత్రం ఒకటే.

పంపకానికి మొదటి మెష్ పెట్టెను వైరుతో సిమ్ రౌటరుకు కలపాలి. రౌటరు లాన్ రంధ్రం నుంచి పెట్టె వాన్ రంధ్రంలోకి వైరు వేయండి. తరువాత సిమ్ రౌటరుకు సొంతంగా వున్న వైఫైని ఆపివేయండి. మెష్‌ను "యాక్సెస్ పాయింట్" పద్ధతిలో వుంచండి. అప్పుడు ఫోన్లకు చిరునామాలు యిచ్చే పని సిమ్ రౌటరు ఒక్కటే చూసుకుంటుంది. ఒకే తూముకు యిద్దరు లస్కర్లు వుంటే తగాదా వస్తుంది గదండీ!

రెండవ పెట్టెను ముందు మొదటి దాని పక్కనే పెట్టి, కంపెనీ యాప్‌తో జతచేసి, దీపం నిలకడగా వెలిగిన తరువాత తీసుకువెళ్లి దాని చోట పెట్టాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. వంటింట్లో వైఫై అందడం లేదని రెండవ పెట్టెను వంటింట్లోనే పెడతారు. అందని చోట పెట్టిన పెట్టె తాను మాత్రం ఏమి అందుకుంటుంది? మొదటి పెట్టెకూ వంటింటికీ మధ్య, వైఫై యింకా బాగా వున్న చోట పెట్టాలి. రెండు గోడలకు మించి అడ్డం లేకుండా, ఎనిమిది పది మీటర్ల దూరం మంచి కొలత.

ఇంకొక సంగతి. గాలిలోనే పుచ్చుకొని గాలిలోనే యిచ్చే పెట్టెకు ఒకే దారిలో రెండు పనులు పడితే వేగం సుమారు సగానికి పడిపోతుంది. అందుచేత పైనుంచి కిందికి వైరు లాగగలిగితే లాగండి. మంచి కేట్-6 వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. బయట యెండావానలకు వుండేందుకు నల్ల తొడుగు వున్న రకం తీసుకోండి. రెండు గదుల చిన్న యింటికి మెష్ అక్కరలేకపోవచ్చు, ఒక్క సిమ్ రౌటరే చాలు. ముందు ఒకటి పెట్టి చూసి, చాలకపోతేనే రెండవది కొనండి.

ఫోనులో 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ అని రెండు రకాలు కనపడతాయి. మొదటిది వేగం యెక్కువ, గోడలను అంత బాగా దాటలేదు. రెండవది నెమ్మది, కాని దూరం పోతుంది. సాల దగ్గరి కెమెరాకు రెండవదే నయం. అన్నట్లు, చాలా ఫోన్లలో "వైఫై కాలింగ్" అనే మీట వుంటుంది. దాన్ని ఆన్ చేస్తే, టవరు సిగ్నల్ అందని లోపలి గదిలో కూడా వైఫై మీద ఫోను మోగుతుంది.

ఇక పొదుపు. సిమ్ పథకంలో రోజుకు యింత అని హద్దు వుంటే, అది దాటగానే వేగం నడక నడుస్తుంది. మామూలు నాణ్యతతో చూసినా సినిమా గంటకు ఒక జీబీ దాకా మింగగలదు. రాత్రింబవళ్లు నడిచే కెమెరా అంతకంటే తిండిపోతు. సిమ్ రౌటరులో వాడటానికి ఆ పథకం ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి. పాస్‌వర్డును పెట్టెతో వచ్చినది వచ్చినట్లు వుంచక మార్చుకోండి.

జాగ్రత్తలు రెండు మరువవద్దు. ఉరుములు మొదలుకాక ముందే రౌటరు ప్లగ్గు, బయటినుంచి వచ్చే వైరు రెండూ పీకివేయండి. యాంటెన్నా గడను కరెంటు తీగల దరిదాపుల్లో నిలపవద్దు. ఒక యాంటెన్నా కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. కరెంటు పోయినప్పుడు రౌటరును కొన్ని గంటలు నడిపే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. రౌటరు మీద 9 వోల్టులని వున్నదో, 12 వోల్టులని వున్నదో చూసి దానికి సరిపడేదే తీసుకోండి.

వ్యవసాయ సహాయకులకు ఒక మనవి. ఊరికి ఒక యింట్లో దగ్గరుండి యిట్లా అమర్చి చూపించండి. చూసిన రైతు పక్క రైతుకు చెబుతాడు.

చివరగా ఒక మాట. పెనుతుఫానులో కరెంటు పోతుంది, టవరు బ్యాటరీలు కూడా అయిపోవచ్చు. అప్పుడు మెష్ పెట్టెలన్నీ మూగబోతాయి. అందుకని యెంత మంచి వైఫై అమర్చుకున్నా, సెల్లుతో నడిచే రేడియో ఒకటి, దానికి కొత్త సెల్లులు రెండు, అలమరలో సిద్ధంగా వుంచుకోండి.