కరివేపాకు చెట్టుకు చుట్టాలు

పిల్లలూ, కూరలో కరివేపాకు వస్తే మీరేం చేస్తారు? తీసి కంచం పక్కన పెడతారు గదా! పని తీరగానే మనిషిని దూరం చేస్తే, "కూరలో కరివేపాకులా తీసిపారేశారు" అంటారు పెద్దలు. కాని ఆ ఆకునే అన్నంగా తిని పెరిగే ప్రాణి ఒకటున్నది!

హైదరాబాదులో తార్నాక దగ్గరే, 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నది. మన తిండిలో ఏ బలం ఉన్నదో పరిశోధించే జాతీయ పోషకాహార సంస్థ కూడా తార్నాకలోనే ఉన్నది. అక్కడ పెద్దలు మన తిండిని పరిశోధిస్తుంటే, మీరు పెరట్లోనే మరొకరి తిండిని పరిశోధించవచ్చు. అందుకు ఒక్క కరివేప చెట్టు చాలు.

కరివేప మన దేశపు చెట్టే. అడవిలో పెద్ద చెట్ల కింద పెరిగే చిన్న చెట్టు ఇది; 4 నుంచి 6 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. అంచేత పెరట్లో మామిడిచెట్టు పక్కన, కొంచెం నీడ పడేచోట కూడా బతుకుతుంది.

వానాకాలంలో ఈ చెట్టు దగ్గర నిలబడి చూడండి. నల్లని రెక్కల మీద తెల్లమచ్చల వరుస గల సీతాకోకచిలుక వస్తుంది. దీన్ని ఇంగ్లీషువారు "కామన్ మార్మన్" అంటారు. ఆడది ముందుకాళ్ళతో ఆకును తట్టి, కాళ్ళతోనే రుచి చూస్తుంది! కరివేపాకేనని తేలితే చిన్న గుండ్రని గుడ్డు పెట్టి పోతుంది. నిమ్మ, నారింజ కూడా కరివేప కుటుంబానివే గనక వాటి మీద కూడా పెడుతుంది.

గుడ్డులోంచి వచ్చిన పురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. రెట్టను ఏ పిట్ట తింటుంది? కాస్త పెరిగాక పురుగు ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. తాకితే తలవెనకనుంచి రెండు ఎర్రని కొమ్ములు బయటికి తీసి దుర్వాసన వదులుతుంది! తరవాత ప్యూపాగా మారి, కొద్ది రోజులకు సీతాకోకచిలుకగా ఎగిరిపోతుంది.

చెట్టుకు చుట్టాలు ఇంకా ఉన్నారు. తెల్లని పూలకు తేనెటీగలు వస్తాయి. నల్లగా పండిన పళ్ళకు పిగిలిపిట్టలు, కోయిలలు వస్తాయి. గింజ మాత్రం మీరు తినకూడదు సుమా!

మీరూ ఒక చెట్టు పెంచండి. బాగా పండిన పళ్ళు ఏరి, గుజ్జు కడిగి, గింజలను ఎండబెట్టకుండా వెంటనే నాటండి. నిలవ ఉంచిన గింజలు మొలవవు. లేదా వానలు పడగానే పెద్ద చెట్టు మొదట్లోని పిలకను వేరుతో తీసి నాటవచ్చు. మొదటి ఏడాది ఎక్కువ ఆకు కోయకండి. నీళ్ళు నిలవకుండా చూడండి.

మరి పురుగు ఆకులు తింటే అమ్మకు కోపం రాదా? వస్తుంది! మొక్క చిన్నదైతే పురుగు ఆకులన్నీ తినేయగలదు. అప్పుడు అది కూర్చున్న రెబ్బను తుంచి పెద్ద చెట్టు మీద పెట్టండి. పెద్ద చెట్టుకు పోయిన ఆకులు మళ్ళీ వస్తాయి. అంతేగాని పురుగుమందు మాత్రం చల్లవద్దని ఇంట్లో చెప్పండి. ఆ మందు పురుగునూ చంపుతుంది, మన చారులోకీ వస్తుంది.

రేపు కంచంలో కరివేపాకు కనిపిస్తే పారెయ్యకుండా నమిలి తినండి. చెట్టు మీద పురుగు కనిపిస్తే దాని వాటా దానికి వదలండి.