చెత్త మెయిళ్ల చిట్టాలు... పోటీ ఉందా?

అశోక్‌నగర్‌లో ఏ గోడ చూసినా కోచింగ్ సెంటర్ల పోస్టర్లే. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర్నుంచి నారాయణగూడ దాకా కరపత్రాలే. పోటీ అంటే అదీ! కానీ ఓ గ్రూప్స్ అభ్యర్థిని కదిపి చూడండి... పాఠాలు ఒకచోట, టెస్ట్ సిరీస్ ఇంకోచోట, నోట్సు మరోచోట. ఒకటి పట్టుకుంటే ఇంకోటి వదలాలన్న లెక్కే లేదు.

ఈమెయిల్ చెత్తను అడ్డుకునే 'బ్లాక్‌లిస్టు'ల పోటీ కూడా ఇలాంటిదే. స్పామ్ పంపే కంప్యూటర్ల ఐపీ చిరునామాల చిట్టాలివి. 1997లో అమెరికాలో పాల్ విక్సీ వీటికి శ్రీకారం చుట్టాడు. మరుసటేడు స్టీవ్ లిన్‌ఫర్డ్ 'స్పామ్‌హాస్' మొదలెట్టాడు. 'స్పామ్‌కాప్'దీ ఆ ఏడాదే.

మెయిల్ గుమ్మంలోకి రాగానే, అందుకునే సర్వర్ చిట్టాను అడుగుతుంది. '127.0.0.2' లాంటి జవాబొస్తే పేరున్నట్టే! చిన్న సంస్థలకు చాలా చిట్టాలు ఉచితం. అందుకే ఒకేసారి మూడు నాలుగింటిని అడిగేవారున్నారు. 'స్పామ్‌అసాసిన్' లాంటి సాఫ్ట్‌వేర్ అయితే ఒక్కో చిట్టా మాటకు ఇన్నేసి మార్కులు వేసి, మొత్తం చూసి తేలుస్తుంది. ఒకరి సరుకు ఇంకొకరికి సాయమే తప్ప ఎసరు కాదన్నమాట.

మరి పోటీ ఎక్కడ? నమ్మకం దగ్గర. అమాయకుల్ని అడ్డుకునే చిట్టాను నిర్వాహకులు ఒక్క లైను చెరిపేసి వదిలించుకుంటారు. 2003 ఆగస్టులో దాడులకు విసిగి మూతపడుతూ 'ఓసిరుసాఫ్ట్' ఏకంగా ప్రపంచంలోని చిరునామాలన్నిటినీ స్పామ్ అనేసింది! దాన్ని నమ్ముకున్న సర్వర్లకు ఉత్తరాలే ఆగిపోయాయి.

అసలు చిక్కు వేరే ఉంది. చిట్టాను ఎంచుకునేది మెయిల్ అందుకునేవారు, దెబ్బ తినేది పంపేవారు. వీధిలోని ఓ చిన్న ఇన్‌స్టిట్యూట్ చవకగా సర్వర్లో చోటు తీసుకుందనుకోండి. అదే ఐపీ మీదున్న పక్కవాడు చెత్త పంపితే, ఈ ఇన్‌స్టిట్యూట్ పరీక్ష తేదీల మెయిళ్లూ ఆగుతాయి. పాపం, అతనికి నచ్చని చిట్టాను మార్చుకునే వీలేదీ?

కోర్టుకెళ్లినా ఒరిగేది తక్కువే. ఈ360 అనే అమెరికా మార్కెటింగ్ సంస్థ స్పామ్‌హాస్‌పై దావా వేస్తే 2006లో కోటీ 17 లక్షల డాలర్ల పరిహారం ప్రకటించారు. 2011 నాటికి పై కోర్టు దాన్ని మూడంటే మూడే డాలర్లకు తగ్గించింది!

మీ సంస్థ మెయిళ్లు తిరిగొస్తుంటే అందులోని సందేశం పూర్తిగా చదవండి. చాలాసార్లు చిట్టా పేరు అక్కడే ఉంటుంది. ముందు స్పామ్ ఎక్కణ్నుంచి వెళ్తోందో హోస్టింగ్ సంస్థతో ఆపించి, తర్వాతే పేరు తీసేయమని అడగాలి. స్పామ్‌హాస్ ఇందుకు పైసా తీసుకోదు. త్వరగా తీసేయడానికి రుసుము అడిగే చిట్టాలూ ఉన్నాయి, తొందరపడి కట్టేయొద్దు.